ట్రాక్టరు సెల్ఫ్ తీసుకోనప్పుడు



ఏ ఊరికైనా పొద్దున్నే వెళ్లి, ట్రాక్టర్లు ఎక్కడెక్కడ నిలబెట్టి ఉన్నాయో ఒకసారి చూడండి. కొన్ని ఇంటి ముందర చదును నేల మీద ఉంటాయి. కొన్ని మాత్రం పనిగట్టుకొని చెరువు కట్ట వాలు మీదనో, రోడ్డు దిగే చోటనో, టైరు కింద రాయి పెట్టి నిలబెట్టి ఉంటాయి. వాలు మీద ఉన్నదాని బ్యాటరీ సంగతి వేరే అడగనక్కర లేదు. రాయి తీస్తే బండి జారుతుంది, గేరు వేస్తే ఇంజను అందుకొంటుంది. ఆ ఇంటివారు ఈ పద్ధతికి ఎంత అలవాటు పడిపోతారంటే, అదొక రోగమన్న సంగతే మరచిపోతారు.

వాలు ఉన్నంతవరకు బాగానే ఉంటుంది. దమ్ములోకి దిగిన తరువాత వాలు ఎక్కడినుంచి వస్తుంది?

నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. విత్తనం, ఎరువు, పురుగు, తెగులు - ఇవి నా చదువు. ఇంజను పని నా చదువు కాదు. ఐనా ఊళ్లో విస్తరణాధికారిని అందరూ అన్నీ అడుగుతారు. అడిగినప్పుడు తెలియదని చెప్పడానికి నోరు రాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊళ్లో, ఒక పెద్దాయన నన్ను దారిలో ఆపాడు. ఆయనను నేను మామా అని పిలిచేవాణ్ణి. "సారూ, పొద్దుగాల సెల్ఫు దీసుకుంటలేదు, ఏం జెయ్యమంటవ్?" అని అడిగాడు. లైట్లు వేయించి చూశాను. మినుకుమినుకుమంటున్నాయి. "బ్యాటరీ పోయింది మామా, మార్చెయ్యి" అన్నాను. ఎంత తేలికగా అన్నానో ఇప్పటికీ గుర్తున్నది. ఆయన యూరియాకని దాచుకొన్న డబ్బు తీసి కొత్త బ్యాటరీ తెచ్చాడు. పాతది షాపువాడికే తూకానికి ఇచ్చేశాడు.

కొత్త బ్యాటరీ నాలుగు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. అయిదవ రోజు దమ్ము నడుస్తూండగా అన్నానికని ఇంజను ఆపాడు. తిని వచ్చి తాళం తిప్పితే "టిక్" అన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. కేజి చక్రాలతో మోకాలి లోతు బురదలో నిలిచిపోయిన ట్రాక్టరును ఎంతమంది వచ్చి నెట్టగలరు? ఆ ఏడు కాలువకు నీళ్లు వంతులవారీగా వదులుతున్నారు. ఆయన వంతు ఆ రెండు రోజుల్లోనే అయిపోయింది. మళ్లీ నీళ్లు వచ్చేటప్పటికి నారు ముదిరింది. ముదిరిన నారు వేస్తే పిలకలు ఎట్లా వస్తాయో మీకు నేను చెప్పనక్కర లేదు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో తప్పు పట్టుకొన్నాడు. స్టీరింగు ముందున్న మీటర్ల పలక మీద బ్యాటరీ బొమ్మతో ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది చూడండి, దాని బల్బు మాడిపోయింది. ఆ ట్రాక్టరులో డైనమోను మేలుకొలిపే కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. బల్బు పోతే డైనమో తిరుగుతుంది గాని కరెంటు పుట్టదు. డీజిల్ ఇంజనుకు ఒకసారి అందుకొన్న తరువాత బ్యాటరీతో పని లేదు గనుక, అది హాయిగా నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కొత్త బ్యాటరీ ఆ నాలుగు రోజులూ తన దగ్గరున్నది ఖర్చు పెట్టుకొంటూ వచ్చింది, అంతే. పాత బ్యాటరీలో అసలు దోషమే లేదు. చార్జింగు పెట్టిస్తే ఇంకో రెండేళ్లు నడిచేదేమో.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. "పాతది అమ్మకుంటే బాగుండు సారూ" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ తరువాత చాలా ఆదివారాలు ఆ ఎలక్ట్రీషియన్ షాపులో బల్ల మీద కూర్చొని నేర్చుకొన్నాను. ఇప్పుడు చెప్పబోయేది చాలావరకు ఆయన పెట్టిన భిక్షే. కొంత పుస్తకాలలో సరిచూసుకొన్నాను.

బ్యాటరీ ఒక చెరువు అనుకోండి. ఆల్టర్నేటరును మన ఊళ్లలో ఇప్పటికీ డైనమో అనే అంటాము, నేనూ అట్లాగే అంటాను. అది చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు. వైర్లు పంటకాలువలు. సెల్ఫ్ మోటారు ఆయకట్టు చివరి పొలం. చివరి పొలానికి నీళ్లు అందలేదంటే చెరువు పనికిరాకుండా పోయిందని ఒక్కసారే తీర్మానిస్తామా? చెరువులో నీళ్లుండి కాలువ పూడిపోయి ఉండవచ్చు. వాగు రాక చెరువు తగ్గిపోయి ఉండవచ్చు. కట్టకు ఎక్కడో బుంగ పడి రాత్రంతా కారిపోతూ ఉండవచ్చు. లేదా చెరువే పూడికపడి, ఎన్ని నీళ్లు వచ్చినా పట్టకుండా పోయి ఉండవచ్చు. ఈ నాలుగింటిలో చివరిదానికి మాత్రమే కొత్త బ్యాటరీ మందు. మిగతా మూడింటికి కొత్త బ్యాటరీ పెడితే నాలుగు రోజుల ముచ్చట, మా మామ ట్రాక్టరు మాదిరిగానే.

"రోజుకు పదిసార్లు సెల్ఫ్ కొడుతున్నాడు, అందుకే బ్యాటరీ దిగిపోతోంది" అని డ్రైవరు మీద నేరం మోపుతూంటారు. ఒక లెక్క చెపుతాను వినండి. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 200 నుంచి 300 ఆంపియర్ల దాకా లాగుతుంది. భయపడేంత అంకె. కాని లాగేది నాలుగైదు సెకన్లు. 250 ఆంపియర్లు అయిదు సెకన్లు లాగితే అయ్యే ఖర్చు అర ఆంపియర్-గంట కూడా కాదు. ట్రాక్టరు బ్యాటరీ సామర్థ్యం 75, 80 ఆంపియర్-గంటల చుట్టుపక్కల ఉంటుంది. డైనమో ఆరోగ్యంగా ఉంటే ఒక స్టార్టు ఖర్చును కొద్ది నిమిషాల్లో పూడ్చేస్తుంది. కాబట్టి బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందంటే, డ్రైవరును తిట్టకముందు వాగు సంగతి, బుంగ సంగతి చూడాలి.

పనిముట్లు ఎక్కువ అక్కర లేదు. రెండు మూడు వందల రూపాయలకు వచ్చే అంకెల మీటరు ఒకటి, రెండు వైర్లు కట్టిన 12 వోల్టుల బల్బు ఒకటి, ఒక పానా, ఒక ఇసుక కాగితం. నీళ్లు పోసే రకం బ్యాటరీ ఐతే హైడ్రోమీటరు కూడా ఉంటే మంచిది. ఊరికొకటి ఉన్నా చాలు.

మొదట చెవి, కన్ను. పెద్ద లైట్లు వేసి ఉంచి, ఒకరు సెల్ఫ్ కొడుతూండగా ఇంకొకరు లైట్ల వైపు చూడండి. సెల్ఫ్ కొట్టగానే లైట్లు బాగా మందగించి, మోటారు మూలుగుతూ తిరిగితే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా తీగల బిగింపు సరిగా లేదు. లైట్లు ఒక్కసారిగా పూర్తిగా ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ వెలిగితే అది దాదాపుగా వదులు టర్మినలే. టకటకమని వరుసగా కొట్టుకొంటే కరెంటు చాలడం లేదని అర్థం. లైట్లు ఏమాత్రం తగ్గకుండా దేదీప్యమానంగా వెలుగుతూ, సెల్ఫ్ మాత్రం ఉలకకుండా పలకకుండా ఉంటే, బ్యాటరీని విడిచిపెట్టండి. అప్పుడు తప్పు తాళం దగ్గరో, సెల్ఫ్ మీదున్న సోలినాయిడ్ దగ్గరో, క్లచ్చి కింద లేదా గేరు దగ్గర ఉండే భద్రతా స్విచ్చి దగ్గరో ఉంటుంది. క్లచ్చి పూర్తిగా తొక్కకుండా, గేరు న్యూట్రల్‌లో పెట్టకుండా సెల్ఫ్ కొట్టి, మెకానిక్కుకు ఫోను చేసినవారిని నేను ఎరుగుదును.

ఇప్పుడు కాలువల సంగతి. దీనిమీద కాస్త ఎక్కువసేపు చెపుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో, అందులోనూ వరి పండించే చోట, సగం రోగాలు ఇక్కడే ఉన్నాయని నా అనుభవం. దమ్ము చేసేటప్పుడు బురదనీళ్లు ఎగిరి బ్యాటరీ పెట్టె మీద, ఎర్తు తీగ మీద పడతాయి. ఆరుతాయి, మళ్లీ పడతాయి. బ్యాటరీ నుంచి వచ్చే ఆసిడ్ ఆవిరి దీనికి తోడవుతుంది. టర్మినల్ చుట్టూ తెల్లగానో పచ్చగానో పిండి పేరుకొంటుంది. ఆ పిండి కరెంటును అడ్డుకొంటుంది. లైట్లకు చాలేంత కరెంటు పోతుంది గాని సెల్ఫ్ అడిగే 250 ఆంపియర్లు పోవు. పిల్లకాలువలో పూడిక ఉన్నా తోటకూర మడికి నీళ్లు పారతాయి, పదెకరాల వరికి పారవు గదా.

ముందుగా ఎర్తు తీగ విప్పండి. తరువాతే రెండోది. బిగించేటప్పుడు దీనికి తలకిందులు, ఎర్తు ఆఖరున. ఇప్పటి ట్రాక్టర్లన్నిటికీ ఎర్తు మైనస్ వైపే. బాగా పాత విలాయతీ ట్రాక్టర్లలో కొన్నిటికి ప్లస్సే ఎర్తుగా ఉండేది, అట్లాంటిది మీ దగ్గరుంటే తీగ ఏ కొసనుంచి ఛాసిస్‌కు వెళుతున్నదో చూసుకొని విప్పండి. ఈ వరుస ఎందుకంటే, ప్లస్ విప్పేటప్పుడు పానా జారి ఇనుముకు తగిలితే పానా ఎర్రగా కాలిపోతుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి జేబులో వేసుకోండి. టర్మినల్ మీద వంటసోడా కలిపిన నీళ్లు పోస్తే పిండి బుసబుస పొంగి కరిగిపోతుంది. ఆ నీళ్లు అరలలోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. తరువాత మంచినీళ్లతో కడిగి, తుడిచి, సీసపు కొమ్మునూ క్లిప్పు లోపలి భాగాన్నీ ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించిన తరువాత పైన వాజిలీన్ రాయండి. గ్రీజు పూసి బిగిస్తే లోపల గ్రీజే అడ్డమవుతుంది, కనుక పూత పైపైన మాత్రమే.

ఎర్తు తీగకు రెండో కొస కూడా ఉన్నదని చాలామంది మరచిపోతారు. బ్యాటరీ దగ్గర తళతళలాడుతూ ఉంటుంది, ఛాసిస్ దగ్గర బోల్టు కింద తుప్పు, దానిమీద బురద, ఆ పైన కొత్తగా వేయించిన రంగు. ఒక రైతు ట్రాక్టరుకు సంక్రాంతికి ముచ్చటపడి రంగు వేయించిన తరువాతనుంచే సెల్ఫ్ ఇబ్బంది మొదలైంది. బోల్టు విప్పి రంగు గీకగానే నయమైంది.

మీటరు ఉంటే దీన్ని విప్పకుండానే పట్టుకోవచ్చు. మీటరును డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీదనే ఆనించండి, క్లిప్పు మీద కాదు, సీసం మీద. రెండో ముల్లు ఇంజను మీద రంగు లేని ఇనుముకు ఆనించండి. ఇంజను ఆపే నాబు లాగి పట్టుకొని, అంటే ఇంజను అందుకోకుండా, సెల్ఫ్ మూడు నాలుగు సెకన్లు కొట్టించండి. మీటరులో 0.2, 0.3 వోల్టులకు మించి కనపడితే ఎర్తు దారిలో పూడిక ఉన్నట్టే. అట్లాగే ప్లస్ కొమ్ముకూ సెల్ఫ్ మోటారు మీదికి లావు తీగ వచ్చే బోల్టుకూ మధ్య చూస్తే 0.5 మించరాదు. సెల్ఫ్ ఒక విడతకు పది సెకన్లకు మించి కొట్టవద్దు. కొట్టిన తరువాత ఒక నిమిషం ఆగాలి. లేకపోతే మోటారు చుట్టలు కాలతాయి.

ఇక చెరువు మట్టం. రాత్రంతా ఇంజను ఆగి ఉన్న తరువాత, పొద్దున సెల్ఫ్ కొట్టకముందే మీటరు పెట్టాలి. ఇంజను ఆపిన వెంటనే పెడితే మీటరు ఎక్కువ చూపి మోసం చేస్తుంది. 12.6, 12.7 ఉంటే చెరువు నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 దగ్గర సగం. 12 అంటే పాతికవంతు మాత్రమే మిగిలింది. మనకు అర వోల్టు తేడా అంటే లెక్కలోది కాదనిపిస్తుంది, బ్యాటరీకి అది బతుకు, చావు. మరొక అంకె గుర్తుంచుకోండి, 10.5. బ్యాటరీలో ఆరు అరలు, ఒక్కొక్కటి ఇంచుమించు 2.1 వోల్టులు. చార్జింగు పెట్టించిన తరువాత కూడా 10.5 దగ్గరే నిలబడిందంటే ఒక అర చచ్చిపోయిందని అర్థం. అప్పుడిక మందు లేదు.

సెల్ఫ్ తిరుగుతూండగా కూడా బ్యాటరీ మీద మీటరు చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ 9.6 కంటె కిందికి పోరాదు. పొద్దున 12.6 చూపి, సెల్ఫ్ కొట్టగానే 8కో 7కో కూలిపోతే, చెరువు పైన నీళ్లు, కింద అంతా పూడిక. అది నిజంగా మార్చవలసిన బ్యాటరీ. 12.1 ఉండగా ఈ పరీక్ష చేసి తీర్పు చెప్పకూడదు. ముందు చార్జింగు పెట్టించి, అప్పుడు చూడాలి. నేను మామకు చేసిన అన్యాయం ఇక్కడే జరిగింది. ఆకలితో ఉన్నవాణ్ణి చూసి రోగి అన్నాను.

చార్జింగు షాపులో "అర్జెంటు" వద్దనండి. సామర్థ్యంలో పదోవంతు చాలు. 75 ఆంపియర్-గంటల బ్యాటరీకి ఏడెనిమిది ఆంపియర్లు, పది పన్నెండు గంటలు. తొందరపెట్టి ఎక్కిస్తే పలకలు వేడెక్కి వంగుతాయి.

వాగు పరీక్ష ఇంతకంటె సులభం. ఇంజను నడుస్తూండగా, కాస్త రేసు పెంచి, బ్యాటరీ కొమ్ముల మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.5 లోపల ఉండాలి. పెద్ద లైట్లు వేసినా 13.5 దరిదాపుల్లో నిలబడాలి. ఇంజను ఆగినప్పుడు ఎంత ఉన్నదో నడిచేటప్పుడు కూడా అంతే ఉండి, మెల్లమెల్లగా తగ్గుతూంటే వాగు రావడం లేదు. 15 దాటితే వాగుకు వరద వచ్చింది, రెగ్యులేటరు చెడిపోయింది. అట్లాంటి బండిలో నీళ్లు మాటిమాటికీ ఇగిరిపోతాయి, బల్బులు తరచు మాడతాయి, బ్యాటరీ పక్కలు ఉబ్బుతాయి. నీళ్లు పోస్తూ పోవడం కాదు, రెగ్యులేటరు చూపించాలి.

వాగు రాకపోతే డైనమో విప్పడానికి తొందరపడవద్దు. బెల్టు చూడండి. రెండు కప్పీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకంటె దిగితే జారుతున్నది. లైట్లు వేయగానే కీచుమని అరిస్తే అదీ జారుడే. తరువాత ఎర్ర దీపం. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు మాడింది, లేదా దాని తీగ తెగింది. "దీపం రావడం లేదు గదా, అంతా బాగుంది" అనుకోకండి. రాకపోవడమే రోగం. ఇంజను నడిచేటప్పుడు కూడా వెలుగుతూంటే చార్జింగు లేదు. ఆ తరువాత డైనమో వెనకనున్న లావు తీగ బోల్టు. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఆ బోల్టుకూ ఎర్తుకూ మధ్య బ్యాటరీ వోల్టేజి కనపడాలి. సున్నా ఐతే మధ్యలో తీగో ఫ్యూజో తెగింది. కొట్టంలో నిలబెట్టిన ట్రాక్టరు తీగలను ఎలుకలు కొరుకుతాయి. ఇంజను నడుస్తూండగా ఆ బోల్టు దగ్గర 14 పైన ఉండి, బ్యాటరీ దగ్గర 12.4 మాత్రమే ఉంటే, వాగు నిండుగా పారుతోంది, చెరువుకు చేరడం లేదు. ఇవన్నీ సరిగా ఉంటేనే డైనమో విప్పించి బ్రష్షులు, డయోడ్లు, రెగ్యులేటరు చూపించండి.

ఇక్కడొక హెచ్చరిక చేయాలి. ఇంజను నడుస్తూండగా బ్యాటరీ తీగ ఊడబీకి, "ఇంజను ఆగలేదు, లైట్లు వెలుగుతున్నాయి, కాబట్టి డైనమో మంచిది" అని చెప్పే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. పాతకాలపు డైనమోలతో ఆ పరీక్ష చెల్లింది. నేటి ఆల్టర్నేటరుతో చెల్లదు. బ్యాటరీ ఊడగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లను, రెగ్యులేటరును కాలుస్తుంది. మంచి డైనమోను పరీక్ష పేరుతో చంపడమన్నమాట. బ్యాటరీ తీగలు తారుమారుగా తగిలించినా ఇదే గతి. ట్రాలీకో నాగలికో ట్రాక్టరు తగిలించి ఉండగానే వెల్డింగు చేయించేటప్పుడు, ముందుగా బ్యాటరీ తీగలు విప్పి పక్కన పెట్టండి.

చెరువు నిండుతున్నది, పొద్దుటికి ఖాళీ అవుతున్నదంటే బుంగ వెదకాలి. తాళం తీసివేసి, అన్నీ ఆపి, ఎర్తు తీగ విప్పి, కొమ్ముకూ తీగకూ మధ్య మన బల్బు పెట్టండి. మామూలు ట్రాక్టరులో అది వెలగకూడదు. వెలిగిందంటే ఎక్కడో కరెంటు కారుతున్నది. ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు బల్బు ఆరిందో ఆ దారిలో దొంగ ఉన్నట్టు. 50 హార్సుపవరు పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఇంజనుకు ఎలక్ట్రానిక్ కంట్రోలు ఉన్న ట్రాక్టర్లలో కొద్దిగా కరెంటు పోవడం సహజమే, దానిని మీటరుతో కొలవాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపల ఉంటే భయం లేదు. మీటరును ఆంపియర్లలో పెట్టి ఇట్లా తగిలించినప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టవద్దు, మీటరు కాలిపోతుంది.

దొంగ ఎవరో ముందే ఊహించవచ్చు గూడా. పాటల పెట్టె. ట్రాక్టరుకు పాటల పెట్టె లేకపోతే డ్రైవరు నిలవడని ఒక ఆసామి నాతో వాదించాడు. ఉండనివ్వండి, నాకేమీ పేచీ లేదు. కాని దానికి తాళం గుండా కాకుండా నేరుగా బ్యాటరీనుంచి తీగ లాగుతారు. 60 వాట్ల పెట్టె అయిదు ఆంపియర్లు తాగుతుంది. ఇంజను ఆపి ఏడెనిమిది గంటలు పాటలు పెడితే 75 ఆంపియర్-గంటల బ్యాటరీ సగానికి వస్తుంది. పెళ్లి ఊరేగింపు మరునాడు సెల్ఫ్ తీసుకోలేదంటే ఇంజనును అనుమానించనక్కర లేదు. ఆ తీగను ఫ్యూజు పెట్టి తాళం గుండా ఇప్పించండి. ఇంకొక దొంగ డైనమో లోపలి డయోడే. అది చెడితే రాత్రంతా కరెంటు వెనక్కి పారుతుంది. నిలబెట్టిన బండిలో ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత కూడా డైనమో ఒళ్లు గోరువెచ్చగా ఉంటే దీనిని అనుమానించండి.

నీళ్ల విషయం. పలకలు మునిగి, పైన ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ఉండాలి. పోయవలసింది డిస్టిల్డ్ వాటరు ఒక్కటే. మన బోర్ల నీళ్ల సంగతి, అందులోనూ నల్గొండ జిల్లా బోర్ల సంగతి, వేరే చెప్పాలా? ఆ ఉప్పులు పలకలను తినేస్తాయి. ప్లాంటు నుంచి డబ్బాలో వచ్చే తాగే నీళ్లు కూడా పనికిరావు, వాటిలోనూ లవణాలు ఉంటాయి. ఆసిడ్ అసలే పోయవద్దు. ఇగిరేది నీళ్లు, ఆసిడ్ లోపలే ఉంటుంది. మన ఎండలకు వేసవిలో పదిహేను రోజులకొకసారి మూత తీసి చూడడం మంచిది. హైడ్రోమీటరుతో ఆరు అరలనూ విడివిడిగా చూడండి. మన వేడి దేశానికి తయారయ్యే బ్యాటరీలలో నిండు చార్జింగు దగ్గర 1.240, 1.250 ప్రాంతంలో ఉండడం మామూలు. ఐతే అంకె ఎంత ఉన్నదన్నదానికంటె, అన్ని అరలలోనూ ఒకే మాదిరిగా ఉన్నదా అన్నది ముఖ్యం. అయిదింటిలో 1.240 ఉండి ఒకదానిలో 1.180 ఉంటే, ఆ అర చెడిపోతున్నది. అన్నిటిలోనూ సమానంగా 1.180 ఉంటే బ్యాటరీ మంచిదే, ఆకలితో ఉన్నది. నీళ్లు పోసిన వెంటనే చూడకండి, కలవడానికి టైము ఇవ్వాలి.

మూత తీసినప్పుడు, చార్జింగు పెట్టినప్పుడు, బీడీ చుట్ట దగ్గరికి రానివ్వవద్దు. బ్యాటరీనుంచి వచ్చే హైడ్రోజను వాయువు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. తీగలు రాపిడి పెట్టి నిప్పురవ్వలు చూసి "కరెంటు ఉంది" అనే పరీక్షను అందుకే మానిపించాలి. ఆసిడ్ కంట్లో పడితే నలపకుండా కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పక్కవాడి ట్రాక్టరునుంచి తీగలు వేసి స్టార్టు చేసేటప్పుడు ప్లస్‌కు ప్లస్ ముందు. తరువాత మంచి బ్యాటరీ మైనస్‌కు రెండో తీగ తగిలించి, దాని రెండో కొసను దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకు తగిలించండి. రవ్వ అక్కడ పుడితే ప్రమాదం లేదు.

పని లేని నెలల్లో ట్రాక్టరు కొట్టంలో ఊరికే ఉంటుంది. ఖాళీ చెరువు ఎండి బీటలు వేసినట్టే, దిగిపోయిన బ్యాటరీని అట్లాగే వదిలేస్తే పలకల మీద గట్టి పొర కడుతుంది. మళ్లీ చార్జింగు ఎక్కదు. ఎర్తు తీగ విప్పి ఉంచి, నెలకొకసారి మీటరు పెట్టి, 12.4 కు తగ్గితే చార్జింగు పెట్టించండి. రెండు నిమిషాలు ఇంజను తిప్పి ఆపితే సరిపోదు. తక్కువ రేసులో డైనమో ఇచ్చేది కొద్దే.

తోటి విస్తరణ సిబ్బందికి ఒక మనవి. రైతు "సెల్ఫ్ తీసుకోవడం లేదు" అన్నప్పుడు మన నోటివెంట "బ్యాటరీ మార్చు" అనే మాట ముందుగా రాకూడదు. అడగవలసినవి అడగండి. ఒక్క రాత్రిలో ఇట్లా అయిందా, మెల్లమెల్లగా అయిందా? ఈ మధ్య కొత్తగా ఏం తగిలించారు? ఎర్ర దీపం వెలుగుతున్నదా? బ్యాటరీ కొని ఎన్నాళ్లయింది, వారంటీ కార్డు ఉన్నదా? వారంటీలో ఉన్నదాన్ని తూకానికి అమ్మినవారు కూడా ఉన్నారు. నిజంగానే చెడిపోతే పాతదానిని షాపుకే ఇవ్వాలి. సీసం, ఆసిడ్ పొలంలోనూ కాలువలోనూ పడరాదు. పిల్లలు ఆడుకొనే చోట పగలగొట్టి సీసం కరిగించేవారికి అసలే ఇవ్వరాదు.

మామ ట్రాక్టరు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నది. మీటర్ల పలక పక్కన ఆయన ఒక చిన్న ప్లాస్టిక్ సంచి కట్టుకొన్నాడు, అందులో రెండు ఎర్ర దీపం బల్బులు, ఒక ఫ్యూజు ఉంటాయి. మీరు కూడా రేపు పొద్దున సెల్ఫ్ కొట్టకముందు ఒకసారి, ఇంజను నడుస్తూండగా ఒకసారి మీటరు పెట్టి చూడండి. ఆ రెండు అంకెలూ తేదీ వేసి కొట్టం గోడ మీద రాసిపెట్టండి. నాట్ల ముందర మళ్లీ చూసి పక్కనే రాయండి.